రైలుకు ఒక ఊరు కావాలి
(రెవరెండ్ ఆడ్రీ జీవిత విశేషాలు)

మన సంఘం ప్రత్యేక సంచికకు రైళ్ళతో సంబంధమున్న ఒక ప్రముఖుని జీవితం గురించి రాసి పంపమని కార్యదర్శి గారు ఫోన్ చేసినప్పుడు, నేను స్టీఫెన్‌సన్ గురించో బ్రూనెల్ గురించో రాస్తానని ఆయన అనుకొని ఉంటారు. వారి గురించి మనం ట్రైనింగ్ స్కూలు రోజుల నుంచీ వింటూనే ఉన్నాం. నేను రాయబోయే పెద్దమనిషి రైల్వేలో ఒక్కరోజు కూడా జీతానికి పనిచేయలేదు. ఆయన ఇంగ్లండులో ఒక చర్చి గురువు. పేరు విల్బర్ట్ వీర్ ఆడ్రీ. ఆ పేరు మనలో చాలామందికి తెలియకపోవచ్చు గాని, ఆయన సృష్టించిన నీలిరంగు ట్యాంకు ఇంజను థామస్ మన మనవలందరికీ తెలుసు. టీవీలో ఆ బొమ్మ రైలు వస్తే అన్నం ముద్ద నోట్లో పెట్టుకొని మింగడం కూడా మరచిపోతారు.

ఆయనను నాకు పరిచయం చేసింది కూడా మా మనవడే. మొన్న వేసవి సెలవులకు మా అమ్మాయి కొడుకు వచ్చాడు. ఎనిమిదేళ్ళవాడు. వాడికి కొనిపెట్టిన బొమ్మరైలును హాల్లో గుండ్రంగా పట్టాలు పేర్చి తిప్పాం. వాడు కాసేపు చూసి, తాతయ్యా, ఈ రైలు ఏ ఊరికి పోతోంది, ఎవరు ఎక్కుతున్నారు, ఎక్కడ దిగుతారు అని అడిగాడు. ముప్పై తొమ్మిదేళ్ళ సర్వీసులో పాతికేళ్ళకు పైగా స్టేషన్ మాస్టరుగా లైన్ క్లియర్ ఇచ్చినవాణ్ణి, ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయాను. గుండ్రంగా తిరిగే రైలుకు బయలుదేరే చోటూ లేదు, చేరే చోటూ లేదు. వాడు విసుగుతో లేచిపోయాడు. ఆ రాత్రి మా అల్లుడు కంప్యూటరులో వెతికి ఆడ్రీ గారి సంగతులు చూపించాడు. తరువాత ఆయన పుస్తకాలు తెప్పించుకొని చదివాను. మా మనవడు అడిగిన ప్రశ్నకు ఆ మహానుభావుడు నలభై ఏళ్ళకు పైగా కూర్చొని జవాబు రాశాడని అర్థమయింది.

బాల్యం

ఆడ్రీ 1911 జూన్ 15న ఇంగ్లండు దక్షిణాన హాంప్‌షైర్‌లోని ఆంప్‌ఫీల్డ్ అనే పల్లెలో జన్మించారు. తండ్రి వీర్ ఆడ్రీ ఆ ఊరి చర్చి గురువు. ఆ తండ్రికి రైళ్ళంటే ప్రాణం. ఆ చుట్టుపక్కల పనిచేసే గాంగ్‌మన్లను, సిగ్నల్ కేబిన్లలో ఉండేవారిని పేరుపేరునా పలకరించేవారు. వారు ఆయనను తమ సొంత గురువుగా చూసుకునేవారు. చర్చి ఆవరణలో తన చేతులతో 40 గజాల పొడవున చిన్న పట్టా వేసి బొమ్మరైలు నడిపేవారు. నడక రాని వయసులోనే కొడుకు దానిని చూశాడు.

1917లో ఆ కుటుంబం విల్ట్‌షైర్‌లోని బాక్స్ అనే ఊరికి మారింది. గ్రేట్ వెస్టర్న్ రైల్వే మెయిన్ లైనులో బ్రూనెల్ తవ్వించిన పేరుమోసిన సొరంగం అక్కడే ఉంది. 1841లో తెరిచారు. పొడవు దాదాపు రెండు మైళ్ళు. 1920 నుంచి వారు ఉన్న ఇల్లు ఆ సొరంగం పడమటి ముఖానికి 200 గజాల దూరంలోనే ఉండేది. అక్కడ ఎక్కుడు నూటికి ఒకటి. బరువైన గూడ్సు బండ్లకు వెనుక నుంచి తోయడానికి ఒక బ్యాంకర్ ఇంజనును ఎప్పుడూ సిద్ధంగా ఉంచేవారు. ఆ గూడ్సు బండ్లు ఎక్కువగా రాత్రిళ్ళే వచ్చేవి.

ఘాట్ సెక్షన్లలో పనిచేసిన మిత్రులకు ఆ చప్పుడు వేరే చెప్పనక్కర లేదు. ముందు ఇంజను ఈల వేస్తుంది, వెనుక బ్యాంకరు బదులు పలుకుతుంది. తరువాత రెండూ ఒగర్చుకుంటూ ఎక్కుతాయి. ముందుది నావల్ల కాదన్నట్టు, వెనుకది నేనున్నాను పదమన్నట్టు వినిపిస్తుంది. పక్కమీద పడుకొని ఆ కుర్రవాడు రోజూ ఆ సంభాషణ విన్నాడు. ఇంజన్లకు మాటలుంటాయనీ, ఒక్కొక్క దానికీ ఒక స్వభావం ఉంటుందనీ అతనికి అప్పుడే నమ్మకం కుదిరింది. స్టీము రోజుల్లో మన డ్రైవర్లు కూడా ఇంజన్లను అలాగే మాట్లాడేవారు. ఫలానా నంబరు మొండిది, ఫలానాది నీళ్ళు తాగుబోతు అని వారు చెప్పగా మనం వినలేదా!

కష్టకాలం

ఆక్స్‌ఫర్డ్‌లో 1932లో పట్టా పుచ్చుకొని, వేదాంత విద్య కూడా పూర్తి చేసి, 1933 నుంచి మూడేళ్ళు జెరూసలేములో బడిపంతులుగా పనిచేశారు. అక్కడే మార్గరెట్ అనే ఆవిడతో పరిచయమయింది. 1936లో గురువుగా అభిషేకం పొందారు, 1938లో ఆమెను పెళ్ళి చేసుకున్నారు.

మరుసటి ఏడే యుద్ధం వచ్చింది. మనిషి మనిషిని చంపడం తన మతానికి విరుద్ధమని ఆయన గట్టిగా నమ్మారు, ఆ మాట దాచుకోలేదు. దేశమంతా యుద్ధావేశంలో ఉన్న రోజులు. ఆ కారణంగా చేస్తున్న ఉద్యోగం పోయింది. రావలసిన మరో ఉద్యోగం కూడా అందకుండా పోయింది. ఇంట్లో భార్య గర్భవతి. చివరకు తానూ శాంతివాది అయిన బర్మింగ్‌హామ్ బిషప్ బార్న్స్ చేరదీసి, 1940లో కింగ్స్ నార్టన్ అనే చోట సహాయ గురువుగా వేశారు. ఆ ఏడే కొడుకు క్రిస్టఫర్ పుట్టాడు. నమ్మినదాని కోసం జీతం వదులుకోవడం ఎంత కష్టమో నెల జీతం మీద బతికిన మనకు తెలుసు. ఆయన తరువాత రాసిన కథల్లో కనిపించే నిక్కచ్చితనానికి మూలం ఇక్కడే ఉందని నాకు అనిపిస్తుంది.

కథ పుట్టిన విధం

1943లో క్రిస్టఫర్‌కు తట్టు పోసింది. వెలుతురు తగలకుండా చీకటి గదిలో పడుకోబెట్టారు. పసివాడు ఊరుకోడు కదా. తండ్రి పక్కన కూర్చొని, షెడ్డులో మూలపడి దిగులుగా ఉన్న ఎడ్వర్డ్ అనే ముసలి ఇంజను కథ చెప్పారు. కుర్రవాడు మళ్ళీ మళ్ళీ అదే చెప్పమన్నాడు. ఒక్క మాట మారినా, నిన్న ఇలా చెప్పలేదని పట్టుకునేవాడు. ఇన్‌స్పెక్షనుకు వచ్చిన ఆఫీసరు కూడా అంత గట్టిగా పట్టుకోడు. ఆ బాధ పడలేక ఆయన పాత సర్క్యులర్ల వెనుకవైపు పెన్సిలుతో కథ రాసి పెట్టుకున్నారు. భార్య పట్టుబట్టి వాటిని ప్రచురణకు పంపించింది. 1945లో మొదటి పుస్తకం వెలువడింది. అందులో మూడు ఇంజన్లు - ఎడ్వర్డ్, గోర్డన్, హెన్రీ.

యుద్ధకాలంలో కొట్లో బొమ్మలు దొరకవు. కొడుకు కోసం చీపురు కర్ర ముక్క, చెక్క ముక్కలు కలిపి ఎడ్వర్డ్ ఇంజనునూ, కొన్ని పెట్టెలనూ చేసి ఇచ్చారు. గోర్డన్ కూడా కావాలని వాడు మారాం చేశాడు. అంత పెద్ద ఇంజను చేయడం తన వల్ల కాక, ఆరు చక్రాల చిన్న ట్యాంకు ఇంజను చేసి థామస్ అని పేరు పెట్టారు. 1946లో ఆ థామస్ కథలు అచ్చయ్యాయి. ఈనాడు ప్రపంచమంతా తెలిసిన ఆ ఇంజను పుట్టుక చీపురు కర్ర నుంచి!

అప్పటి నుంచి 1972 దాకా ఆయన ఇటువంటివి మొత్తం 26 పుస్తకాలు రాశారు.

ఊరు లేని రైలు

అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. పుస్తకాలు పెరిగిన కొద్దీ పిల్లల నుంచి ఉత్తరాలు రావడం మొదలయింది. ఒక పుస్తకంలో ఈ స్టేషను ఈ పక్కన ఉంది, ఇంకో పుస్తకంలో ఆ పక్కకు ఎలా వచ్చింది? ఈ బొమ్మలో హెన్రీకి చక్రాలు ఇన్ని, ఆ బొమ్మలో వేరే ఎందుకున్నాయి? బొమ్మలు గీసే చిత్రకారునికి రైలు సాంకేతిక విషయాలు అంతగా పట్టేవి కావు. హెన్రీ, గోర్డన్ ఒక్కలాగే కనిపించేవారు. పెద్దవాళ్ళయితే పిల్లల పుస్తకమే కదా అని సర్దుకుపోతారు, పిల్లలు సర్దుకోరు.

ఆడ్రీ కూడా సర్దుకోలేదు. హెన్రీ బొమ్మ తప్పును కథతోనే సరిచేశారు. 1951లో వచ్చిన పుస్తకంలో హెన్రీ తెల్లవారుజామున రేవు నుంచి చేపల బండి తీసుకొని బయలుదేరుతుంది. మంచు బరువుకు సిగ్నల్ చెయ్యి కిందికి వాలి ఆఫ్ అయినట్టు కనిపిస్తుంది, పాయింట్లు గడ్డకట్టి సైడింగు వైపే ఉండిపోతాయి. సైడింగులో గూడ్సు బండి నిలిచి ఉంది. దాని సిబ్బంది బ్రేకు వ్యానులో కోకో తాగుతున్నారు. హెన్రీ వెళ్ళి ఆ బండిని గుద్దుకుంది. దానిని క్రూ వర్క్‌షాపుకు పంపితే కొత్త రూపంతో తిరిగి వచ్చింది. అప్పటి నుంచి బొమ్మలో గోర్డన్‌తో పొరపాటు పడే అవసరం లేకపోయింది.

ఈ కథ చదివిన రైల్వే మనిషికి 1876 జనవరి 21 నాటి అబట్స్ రిప్టన్ ప్రమాదం గుర్తు రాక మానదు. అక్కడ కూడా మంచు పేరుకొని సిగ్నళ్ళు ఆఫ్‌లోనే బిగుసుకుపోయాయి. ఆ కాలంలో ఆ లైనులో సిగ్నలు మామూలుగా ఆఫ్‌లో ఉండేది, అపాయం ఉన్నప్పుడే ఆన్ చేసేవారు. ఆ ప్రమాదం తరువాతే సిగ్నలు నార్మల్‌గా ఆన్‌లోనే ఉండాలన్న పద్ధతి స్థిరపడింది. మనం సర్వీసు పొడుగునా పాటించిన నియమం వెనుక అంతమంది ప్రాణాలున్నాయి. తన కథలన్నిటికీ ఎక్కడో ఒక రైల్వేలో నిజంగా జరిగిన సంఘటనే ఆధారమని ఆడ్రీ చెప్పుకునేవారు.

బొమ్మ తప్పు సరే, ఊళ్ళ సంగతి? దానికి 1950లో దారి దొరికింది. ఆ ఏడు ఆయన చర్చి పని మీద ఐల్ ఆఫ్ మాన్ అనే ద్వీపానికి వెళ్ళారు. అక్కడి బిషప్‌ను సోడోర్ అండ్ మాన్ బిషప్ అంటారు. మాన్ ద్వీపం కళ్ళ ముందు ఉంది, మరి సోడోర్ ఏది? పూర్వం నార్వే వారు స్కాట్లాండు పడమటి ద్వీపాలను దక్షిణ ద్వీపాలని పిలిచిన మాటకు అది మిగిలిపోయిన రూపం. ఈనాడు ఆ పేరుతో ఏ ద్వీపమూ లేదు. పేరుంది, ఊరు లేదు. ఇంగ్లండు తీరంలోని బారో రేవుకూ మాన్ ద్వీపానికీ మధ్య సముద్రం ఖాళీగా ఉంది. ఆ ఖాళీలో ఆడ్రీ తన సోడోర్ ద్వీపాన్ని పెట్టారు, బారో దగ్గర వంతెన వేసి ఇంగ్లండు రైల్వేతో కలిపారు.

అన్నదమ్ముల ద్వీపం

ఈ పనిలో ఆయన తమ్ముడు జార్జ్ తోడయ్యారు. జార్జ్ లండనులో నేషనల్ లిబరల్ క్లబ్ గ్రంథాలయాధికారి. అన్నదమ్ములిద్దరూ కూర్చొని ఆ లేని ద్వీపానికి కొండలు, నదులు, రేవులు, ఊళ్ళు, చరిత్ర, చివరకు ఒక భాష కూడా కల్పించారు. ఎన్నో ఏళ్ళ ఆ శ్రమ 1987లో సోడోర్ ద్వీపం ప్రజలు, చరిత్ర, రైల్వేల గురించి ఒక గ్రంథంగా వెలువడింది.

ఇదంతా వినోదం కోసం చేసిన పనే కావచ్చు. కాని దాని వెనుక ఉన్న ఆలోచన మన ఆపరేటింగ్ శాఖ వాళ్ళకు వెంటనే బోధపడుతుంది. రైలు తనకు తానుగా ఎక్కడా పుట్టదు. రాయి ఉన్నచోట, ధాన్యం ఉన్నచోట, రేవు ఉన్నచోట, జనం సంతకు పోయేచోట పుడుతుంది. ఆడ్రీ ద్వీపంలో ప్రతి లైనుకూ ఒక పని ఉంది. టిడ్‌మౌత్ రేవు నుంచి చేపలు పోవాలి కాబట్టి తెల్లవారుజామున చేపల బండి ఉంది. ఒక రేవులో తెల్లమట్టి తవ్వకాలున్నాయి కాబట్టి అక్కడ రెండు కవల ఇంజన్లున్నాయి. కొండల్లో పలకరాయి ఉంది కాబట్టి చిన్న గేజి లైను ఉంది. పాత సీసపు గనుల దగ్గర పోగుపడిన రాళ్ళు మెయిన్ లైనుకు బాలస్ట్‌గా పనికివస్తాయి కాబట్టి 1967 నాటి పుస్తకంలో ఇంకా చిన్న రైలు వచ్చింది. పని లేకుండా ఒక్క సైడింగు కూడా లేదు.

ఇంజన్లు కూడా అంతే. పెద్ద ఇంజన్లు షంటింగు చేయమని మొండికేసినప్పుడు పెర్సీని కొన్నారు. థామస్ బ్రాంచి లైను చివర ఫార్కర్ అనే ఊరు ఉంది. అక్కడి రాతి క్వారీకి పోయే పట్టా రోడ్డు పక్కనే పోతుంది. రోడ్డు మీద నడిచే ఇంజనుకు పశువులు, మనుషులు చక్రాల కింద పడకుండా పక్కన రేకులు, ముందు కౌ క్యాచర్లు ఉండాలని చట్టం. కొత్తగా వచ్చిన పోలీసు థామస్‌ను పట్టుకున్నాడు. అప్పుడు చట్టప్రకారం అన్నీ ఉన్న టోబీ అనే ట్రాము ఇంజనును తెప్పించారు. ఆ టోబీ ఎందుకు దొరికింది? బస్సులు, లారీలు వచ్చి దాని పాత లైను మూతపడింది కనుక. ఇది 1952 నాటి పుస్తకం. పిల్లల కథే గాని, చిన్న లైన్లు ఎలా చచ్చిపోతాయో అందులో ఉంది.

బల్ల మీద ఫార్కర్

ఆడ్రీ కాగితం మీదనే ఆగలేదు. 1953 నుంచి ఆయన నార్‌ఫోక్‌లోని ఎమ్నెత్ గ్రామంలో గురువుగా ఉన్నారు. అక్కడ ఉండగా ఫార్కర్ బ్రాంచి లైనును నమూనాగా కట్టారు. 1959లో రైల్వే మోడలర్ అనే పత్రికలో దాని వివరాలు వచ్చాయి. తరువాతి కాలంలో మళ్ళీ చిన్నదిగా కట్టి, కారులో పెట్టుకొని ప్రదర్శనలకు తీసుకుపోయి పిల్లల ముందు నడిపేవారు.

నమూనా రైల్వేలు కట్టేవారు చాలామంది ముందు పట్టాలు కొంటారు, గదిలో ఎంత పడితే అంత పరుస్తారు, చివర ఒక స్టేషను బొమ్మ పెడతారు. ఆడ్రీ వరస తలకిందులు. ఆయనకు ముందే ద్వీపం ఉంది, ద్వీపంలో క్వారీ ఉంది, క్వారీ రాయి పోవాలి, ఆ ఊరి జనం మెయిన్ లైను బండి అందుకోవాలి. అందుకు ఎన్ని పట్టాలు కావాలో అన్నే వేయాలి. ఆయన బల్ల మీద కట్టింది ద్వీపంలో ఒక్క మూలే. అయినా మిగతా ద్వీపమంతా అక్కడే ఉన్నట్టు అనిపించడానికి కారణం, వచ్చిన ప్రతి బండీ ఎక్కడి నుంచి వచ్చిందో ఆయనకు తెలిసి ఉండడమే.

గార్డుగా ఆడ్రీ - నా ఒప్పుకోలు

వేల్స్‌లో తాలిల్లిన్ అనే చిన్న గేజి రైల్వే ఉంది. పలకరాయి కోసం 1865లో మొదలయింది. క్వారీ మూతపడి, యజమాని చనిపోయి, అదీ పోవలసిందే. కాని అభిమానులు సంఘం పెట్టి, 1951 నుంచి జీతం లేకుండా తామే నడపసాగారు. ప్రపంచంలో అలా బతికించుకున్న మొదటి రైల్వే అదే. ఆడ్రీ ఆ సంఘంలో చేరి, 1952లో సెలవులకు వెళ్ళి గార్డుగా పనిచేశారు. ఒకనాడు ఆయన తొందరపడి పచ్చజెండా ఊపారు. ఫలహారాలు అమ్మే ఆవిడ ఎక్కకుండానే బండి కదిలిపోయింది! తన పొరపాటును ఆయన దాచలేదు. 1955లో వచ్చిన పుస్తకంలో దానిని కథగా రాశారు.

ఇది చదివినప్పుడు నాకు గుండె కలుక్కుమంది. ఎప్పుడూ ఎవరికీ చెప్పని ఒక సంగతి ఇక్కడ రాస్తున్నాను. మీటర్ గేజి రోజుల్లో, నేను ఒక చిన్న స్టేషనులో రాత్రి డ్యూటీలో ఉన్నాను. ప్యాసింజరు గంటకు పైగా ఆలస్యం. కంట్రోలు నుంచి ఒత్తిడి. వచ్చిన బండిని ఎంత త్వరగా పంపుదామా అనే ధ్యాస తప్ప ప్లాట్‌ఫారం అంతా చూడలేదు. స్టార్టరు ఇచ్చేశాను. బండి కదిలాక కుళాయి దగ్గర నుంచి ఒక తల్లి చెంబుతో పరుగెత్తుకొచ్చింది. ఆమె పిల్లవాడు పెట్టెలో ఉండిపోయాడు. నేను వెంటనే పై స్టేషనుకు ఫోన్ చేశాను. అక్కడి మాస్టరు గారు పిల్లవాణ్ణి దింపించి తన కుర్చీలో కూర్చోబెట్టుకున్నారు. రెండు గంటల తరువాత వచ్చిన గూడ్సు బ్రేకు వ్యానులో ఆ తల్లిని ఎక్కించి పంపాను. ఆ రెండు గంటలూ ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. చెంబు ఒళ్ళో పెట్టుకొని పట్టాల వైపు చూస్తూ కూర్చుంది. డైరీలో ఆ సంగతి రాయలేదు. ఆ తరువాత సర్వీసు పొడుగునా ఎంత ఆలస్యమైనా, కుళాయి వైపు ఒకసారి చూడకుండా స్టార్టరు ఇవ్వలేదు.

ఆడ్రీ తన తప్పును పిల్లల ముందు పెట్టారు. నేను నలభై ఏళ్ళు దాచుకున్నాను. అంతే తేడా.

చివరి రోజులు

1963లో బీచింగ్ నివేదిక వచ్చింది. బ్రిటనులో 5 వేల మైళ్ళ లైన్లు, 2 వేలకు పైగా స్టేషన్లు మూసివేయాలని అది సిఫారసు చేసింది. 1968 ఆగస్టుతో అక్కడి మెయిన్ లైన్లలో స్టీము ముగిసింది. ఆ ఏళ్ళలో ఆడ్రీ రాసిన కథల్లో, స్క్రాపు నుంచి తప్పించుకొని సోడోరుకు పారిపోయి వచ్చిన ఇంజన్లున్నాయి. అక్కడ వాటికి పని దొరుకుతుంది. కండెమ్న్ అయిన వ్యాగన్లమని మన సమావేశాల్లో మనల్ని మనం వేళాకోళం చేసుకుంటాం కదా, ఆ కథలు చదివితే ఆ వేళాకోళం మరోలా వినిపిస్తుంది.

1965లో ఆయన గ్రామ చర్చి బాధ్యత వదిలి, గ్లాస్టర్‌షైర్‌లోని స్ట్రౌడ్ దగ్గర రోడ్‌బరోలో స్థిరపడ్డారు. అంటే మన భాషలో రిటైరయ్యారు. కాని ఆ తరువాతే తమ్ముడితో కలిసి ద్వీపం పుస్తకాన్ని ముగించారు. 1983 నుంచి కొడుకు క్రిస్టఫర్ కొత్త కథలు రాయసాగారు. 1984లో టీవీ ధారావాహిక మొదలై థామస్ లోకమంతా పాకింది. దానితో ఆడ్రీకి పేరు వచ్చింది, తలనొప్పీ వచ్చింది. 1990ల మొదట్లో ఒక భాగంలో హెన్రీ అడవి అందం చూడడానికి దారి మధ్యలో ఆగిపోయినట్టు చూపించారు. ఆయన అభ్యంతరం చెప్పారు. సెక్షనులో ఆగిన బండి గురించి సిగ్నల్ మనిషికి తెలియజేయాలని, బండికి రక్షణ కల్పించాలని నియమం ఉంది, దాన్ని మరచి ఊరికే నిలబడే రైలు ఉండదని ఆయన వాదన. కొందరు నవ్వుకొని ఉంటారు. మన గార్డు మిత్రులు మాత్రం నవ్వరు. వెనుక డెటొనేటర్లు పెట్టడానికి చీకట్లో లాంతరు పట్టుకొని నడిచినవారికి ఆయన ఎవరి పక్షాన మాట్లాడారో తెలుసు.

1989లో భార్య మార్గరెట్, 1994లో తమ్ముడు జార్జ్ కాలం చేశారు. 1996లో బ్రిటిష్ ప్రభుత్వం ఓ.బి.ఇ. బిరుదుతో గౌరవించింది. అప్పటికే ఆరోగ్యం క్షీణించి, దానిని అందుకోవడానికి లండను వెళ్ళలేకపోయారు. 1997 మార్చి 21న ఇంట్లోనే కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 85. తాలిల్లిన్ రైల్వే మ్యూజియంలో ఆయన చదువుకునే గదిని ఉన్నదున్నట్టు మళ్ళీ అమర్చి పెట్టారు.

మన బల్ల మీద మన ఊరు

మా మనవడి సంగతి చెప్పి ముగిస్తాను. మర్నాడు గుండ్రటి పట్టాను తీసేసి, పాత క్యాలెండరు వెనుకవైపు వాడూ నేనూ కూర్చొని ముందు ఊరు గీశాం. నాకు తెలిసిన మీటర్ గేజి బ్రాంచిలా ఒకటి. ఒక చివర రాతి క్వారీ. బేతంచెర్ల నాపరాళ్ళు మోసే రోజులు నాకు బాగా గుర్తు కాబట్టి అదే పెట్టాం. మధ్యలో స్టేషను, ఒక లూపు, గూడ్స్ షెడ్డు, పక్కన వేరుసెనగ నూనె మిల్లు సైడింగు. రెండో చివర మంచం కిందికి పోతుంది. మంచం కింద ఉన్నది జంక్షను, అవతల మిగతా దేశమంతా.

తరువాత బండ్లు. పొద్దున మిక్స్‌డ్ వచ్చి ఖాళీ వ్యాగన్లు వదులుతుంది. మధ్యాహ్నం రాయి నింపుకొని దిగువకు పోతాయి. అదే వేళకు ఎదురు ప్యాసింజరు వస్తుంది కాబట్టి లూపు కావాలి. లూపు ఎందుకో వాడికి అప్పుడు తెలిసింది. ఒక్కొక్క వ్యాగనుకు చిన్న కాగితం ముక్క మీద లేబులు రాశాం, ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఏమి సరుకు అని. ఎక్కువ పట్టాలు కొనలేదు. ఉన్నవాటిలోనే కొన్ని మిగిలాయి. నాలుగు రోజులు వాడు భోజనానికి కూడా పిలిస్తే రాలేదు. స్టార్టరు ఇచ్చే ముందు కుళాయి దగ్గర ఎవరైనా ఉన్నారేమో చూడమని నేర్పాను. ఎందుకని అడిగాడు. చెప్పాను. వాడు కాసేపు ఊరుకొని, ఆ పిల్లవాడు ఏడ్చాడా తాతయ్యా అన్నాడు. ఏడ్వలేదట, పై స్టేషను మాస్టరు గారు బిస్కెట్లు ఇచ్చారట అని చెప్పాను. అది నిజమే. మరుసటి రోజు ఆయనే ఫోనులో చెప్పారు.

ఆ మాస్టరు గారు ఇప్పుడు లేరు. 1990లలో ఆ సెక్షను బ్రాడ్ గేజికి మారాక నేను పనిచేసిన ఆ స్టేషనూ లేదు. బంతి టోకెను ఎలా తీసేవాళ్ళమో, లాంపుమన్ సాయంత్రం సిగ్నలు దీపాలు ఎలా వెలిగించేవాడో, ఏ ఊరి సంతనాడు ఏ బండికి ఎక్కువ పెట్టె వేసేవాళ్ళమో మన తలల్లో తప్ప ఎక్కడా లేదు. లేని ద్వీపానికి ఆడ్రీ సోదరులు జీవితకాలమంతా కష్టపడి చరిత్ర రాశారు. ఉన్న స్టేషన్ల చరిత్ర మనం రాయకపోతే ఎలా?

అందుకని సభ్య మిత్రులకు నా విన్నపం ఒకటే. తలా ఒక నోటు పుస్తకం తీసుకొని, మీరు పనిచేసిన ఒక్క స్టేషను యార్డు పటం గుర్తున్నంత వరకు గీయండి. ఏ సైడింగు ఎందుకు ఉండేదో పక్కన రాయండి. జరిగిన పొరపాటు ఉంటే అదీ రాయండి. కార్యదర్శి గారు అనుమతిస్తే వచ్చే సర్వసభ్య సమావేశం నాటికి సంఘం భవనంలో ఒక బల్ల మీద మన బ్రాంచి లైను ఒకటి కడదాం. చెక్క పని మన వర్క్‌షాపు మిత్రులు చూసుకుంటారు, సిగ్నళ్ళు ఎస్ అండ్ టి వారు చూసుకుంటారు. టైం టేబుల్ నేను రాస్తాను. మనవలను వెంట తీసుకురండి. ఈ రైలు ఏ ఊరికి పోతోందని వాళ్ళు అడుగుతారు. ఈసారి జవాబు చెబుదాం.